రాత్రి రెండు గంటలకు రండి

తెలంగాణ ప్రభుత్వ వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు, 33 జిల్లాల కలెక్టర్లకు

విషయం: వృద్ధాశ్రమాల్లో రాత్రి పూట భద్రత, ముందు చెప్పకుండా చేయాల్సిన తనిఖీల గురించి

అయ్యా, అమ్మా,

నాకు 78 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టరుగా చేరి, చివరి 11 ఏళ్లు వరంగల్ రీజియన్‌లో చెకింగ్ స్క్వాడ్‌లో పనిచేసి రిటైరయ్యాను. మూడేళ్లుగా హైదరాబాద్ శివారులో ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నాను. ఆశ్రమం పేరు రాయడం లేదు, నా పేరూ రాయడం లేదు. రేపు పొద్దున కూడా నేను ఇక్కడే టిఫిన్ తినాలి.

మా ఆశ్రమం చెడ్డదని నేను అనడం లేదు. ఈ చుట్టుపక్కల ఉన్నవాటిలో ఇది మంచిదే. అన్నం వేడిగా పెడతారు. దుప్పట్లు వారానికోసారి మారుస్తారు. నడుపుతున్న భార్యాభర్తలిద్దరూ మర్యాదస్తులు. ఎవరైనా పోతే కొడుకులు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్స్ తెప్పించి, పక్కన దీపం పెట్టి కూర్చునేంత మనసున్నవాళ్లు. మంచి ఆశ్రమంలోనే ఇలా ఉంటే మిగతాచోట్ల ఎలా ఉంటుందోనన్న భయంతోనే పత్రిక ద్వారా ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన కార్తీక మాసంలో ఒక రాత్రి జరిగింది చెబుతాను. నా గదిలో నాతోపాటు ఒక రిటైర్డ్ లెక్కల సార్ ఉండేవాడు. 81 ఏళ్లు. వాకర్ పట్టుకుని నడుస్తాడు, రాత్రి రెండు మూడుసార్లు బాత్రూంకి లేస్తాడు. ఆ రాత్రి రెండు దాటాక బాత్రూం గుమ్మం దగ్గర పడ్డాడు. అక్కడ నాలుగంగుళాల మెట్టు ఉంది. నీళ్లు గదిలోకి రాకుండా కట్టిన మెట్టు అది. ఆ ఎత్తుకి వాకర్ ఎక్కదు. కాబట్టి వాకర్ బయట వదిలేసి, గోడ పట్టుకుని లోపలికి అడుగు వేయాలి. మేమంతా రోజూ అలాగే వేస్తాం.

నేను లేచి కాలింగ్ బెల్ నొక్కాను. ఆ బెల్ మోగేది కింద ఆఫీసు రూంలో. రాత్రి తొమ్మిది తర్వాత ఆఫీసు రూంకి తాళం. అంటే వినేవాళ్లు లేని గదిలో బెల్ మోగుతూనే ఉంది. ఆ సంగతి నాకు తెలిసింది తెల్లారాక. అప్పుడు మాత్రం బెల్ నొక్కాను కాబట్టి ఎవరో ఒకరు వస్తారని కాసేపు చూశాను. తర్వాత మెట్ల దాకా వెళ్లాను. గ్రిల్‌కి తాళం. అరిచాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఒకే ఒక్క ఆయమ్మ. పై అంతస్తులో విరేచనాలు పట్టుకున్న ఒక పెద్దావిడని తలుపు వేసి శుభ్రం చేస్తోంది. ఫ్యాన్ చప్పుడులో నా అరుపు వినపడలేదు. ఆమె దిగి వచ్చేసరికి నా గడియారంలో 2:50. లెక్కల సార్ నేల మీద 40 నిమిషాలు ఉన్నాడు. అరవలేదు. "మీరు పడుకోండి, పొద్దున చూద్దాం" అని నాకే ధైర్యం చెప్పాడు.

ఆయమ్మ 108కి ఫోన్ చేయలేదు. చేయకూడదు. ముందు ఓనర్‌కి చెప్పాలని ఆమెకి చెప్పి ఉంచారు. ఓనర్ ఫోన్ ఎత్తింది 4:30కి. ఆసుపత్రికి చేరేసరికి ఆరు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. తర్వాత న్యుమోనియా వచ్చింది. 19వ రోజున పోయాడు. మంచం మూడు రోజులు ఖాళీగా ఉంది, నాలుగో రోజు కొత్తాయన వచ్చాడు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మర్నాడు పొద్దున ఆఫీసులో నైట్ రిజిస్టర్ తెరిచి ఉంటే చూశాను. "12:00 - అందరూ నిద్రపోతున్నారు. 2:00 - అందరూ నిద్రపోతున్నారు. 4:00 - అందరూ నిద్రపోతున్నారు." మూడు వాక్యాలూ ఒకే సిరాతో, ఒకే వాలుతో, ఒకేసారి కూర్చుని రాసినవి.

చెకింగ్ స్క్వాడ్‌లో నా ఉద్యోగమంతా ఇలాంటి రాతలు పట్టుకోవడమే. టికెట్ మిషన్లు రాకముందు కండక్టరు చేతిలో ఎస్సార్ షీటు ఉండేది. స్టేజీ స్టేజీకి టికెట్ నంబర్లు రాసి క్లోజ్ చేయాలి. కొంతమంది రాని స్టేజీకి కూడా ముందే రాసుకునేవాళ్లు, కొంతమంది మా జీపు కనపడగానే గబగబా రాసేవాళ్లు. అందుకే మేం జీపు లైట్లు ఆర్పేసి, చింతచెట్టు కింద ఆపుకుని, ఊరుకాని ఊరి దగ్గర బస్సు ఎక్కేవాళ్లం. బస్టాండ్‌లో నిలబడి "రేపు పదకొండు గంటలకి చెకింగ్‌కి వస్తున్నాం" అని డిపోకి ఫోన్ చేసి ఉంటే, నా సర్వీసులో ఒక్క కేసు కూడా రాసి ఉండేవాణ్ని కాదు.

మీ తనిఖీలు ఎలా జరుగుతాయో మీకు తెలుసు. నేను ఇక్కడికి వచ్చాక ఒక్కసారి జరిగింది. ముందు రోజే కబురు వచ్చింది. ఆ సాయంత్రం కొత్త దుప్పట్లు దిగాయి, ఫినాయిల్ వాసనకి నాకు దగ్గు పట్టుకుంది. వచ్చినవాళ్లు పొద్దున పదకొండింటికి వచ్చి, వంటగది చూసి, "భోజనం బాగుందా తాతా" అని అడిగి, ఆపిల్ పళ్లు పంచి, ఫొటో దిగి, పన్నెండున్నరకి వెళ్లిపోయారు. వాళ్లు మంచివాళ్లే. కానీ పొద్దున పదకొండింటికి ఏ వృద్ధాశ్రమమైనా బాగానే ఉంటుంది. ఆ టైంలో నలుగురు ఆయమ్మలు, వంటమనిషి, మేనేజరు, ఓనరు అందరూ ఉంటారు. దాతలూ వస్తారు. (దాతల గురించి ఒక మాట. మాకు ఒక్కో ఆదివారం మూడు పుట్టినరోజులు ఉంటాయి, మూడూ వేరేవాళ్లవే. షుగరున్న ముప్పై మంది ముందు గులాబ్ జామూన్ పెట్టి, చప్పట్లు కొట్టమంటారు. కొడతాం. వాళ్ల పిల్లలు ముద్దుగా ఉంటారు కాబట్టి కొడతాం.)

అందుకే నా విన్నపం ఒక్కటే. రాత్రి రెండు గంటలకు రండి. ముందు చెప్పకుండా రండి. వచ్చి ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఇంట్లో ఇప్పుడు మెలకువగా ఉన్న ఉద్యోగులు ఎంతమంది?

ఆ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో లెక్క వేసి చూపిస్తాను. మా ఆశ్రమంలో 38 మందిమి ఉన్నాం. అందులో మంచం దిగలేనివాళ్లు 11 మంది. మంచం మీదే ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని డాక్టర్లు చెబుతారు. లేకపోతే నడుం కింద, మడమల దగ్గర చర్మం కుళ్లి పుండు పడుతుంది. ఒక్క మనిషి డైపర్ చూసి, అవసరమైతే మార్చి, తిప్పి, వీపు వెనక దిండు పెట్టడానికి పది నిమిషాలు అనుకోండి. 11 మందికి 110 నిమిషాలు. రెండు గంటలంటే 120 నిమిషాలు. అంటే ఒక్క ఆయమ్మ రాత్రంతా కూర్చోకుండా, నీళ్లు తాగకుండా, ఇంకెవరి మొహమూ చూడకుండా పనిచేస్తే ఆమెకి ప్రతి రౌండుకీ మిగిలేది పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో మిగతా 27 మంది. ఇలాంటి షెడ్యూల్ డిపోలో వేస్తే యూనియన్ వాళ్లు ఆ కాగితం చించి మా మొహాన కొట్టేవాళ్లు. ఇది ఏ మనిషీ చేయలేని రన్నింగ్ టైం. చేయలేరు కాబట్టి చేయరు, చేయలేదని రాయలేరు కాబట్టి రిజిస్టర్‌లో "అందరూ నిద్రపోతున్నారు" అని రాస్తారు.

ఆ ఆయమ్మ మీద నాకు కోపం లేదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా డ్యూటీ. పగలు డ్యూటీ ఆమె రాకపోతే అదీ ఆమెదే. డ్రైవరు రోజుకి ఎనిమిది గంటలకి మించి పని చేయకూడదని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. నిద్రమత్తులో స్టీరింగ్ పట్టుకుంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. నిద్రమత్తులో ఇన్సులిన్ సూది పట్టుకుంటే ఏమవుతుందన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు. లెక్కల సార్ పోయిన రోజు ఆమె నా దగ్గరికి వచ్చి "నేనేం చేయాల్సింది పెద్దసారూ" అని ఏడ్చింది. నువ్వు చేయగలిగింది ఏమీ లేదు బిడ్డా అన్నాను.

మనుషులు తక్కువైనప్పుడు ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడ్చాలి కదా. మా శరీరాల్లోంచి పూడుస్తారు. ఇది నేను మూడేళ్లుగా చూస్తున్నది. రాత్రి బాత్రూం గొడవ తగ్గాలంటే సాయంత్రం ఐదు తర్వాత నీళ్లు తగ్గించడం. వేసవిలో కూడా అంతే. నాలుక పిడచకట్టుకుపోతుంది, పొద్దున మూత్రం మంట. నైట్ డ్యూటీ వచ్చేలోపు గిన్నెలు కడగడం అయిపోవాలి కాబట్టి రాత్రి భోజనం ఆరున్నరకే. మళ్లీ టిఫిన్ ఎనిమిదిన్నరకి. మధ్యలో 14 గంటలు ఖాళీ కడుపు. షుగర్ మాత్రో, ఇన్సులినో పడ్డ మనిషికి తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు పట్టి మాట తడబడితే చూసేదెవరు? రాత్రి తొమ్మిదికి ఒక గ్లాసు పాలు, రెండు బిస్కెట్లు ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు. ఇచ్చే మనిషి ఉండాలి, అంతే.

రాత్రిళ్లు లేచి తిరిగేవాళ్లకి నిద్రమాత్ర. డాక్టరు రాసిందో, మేనేజరు రాసిందో తెలియదు. ఆ మాత్ర మత్తులో బాత్రూంకి లేస్తేనే ఎక్కువ పడతారు. మా కింది గదిలో ఒకావిడ ఉంది. మతిమరుపు బాగా ముదిరింది. అర్ధరాత్రి లేచి "బడికి టైమైంది, పిల్లవాడికి క్యారేజీ కట్టాలి" అని తలుపు దగ్గరికి వెళ్తుంది. ఆవిడని రాత్రి పూట చున్నీతో మంచానికి కడతారు. మెత్తటి చున్నీ, గట్టిగా కట్టరు, అది నిజమే. కానీ కడతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనిషిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. మానసిక చికిత్సా కేంద్రాల్లో కూడా, సిబ్బంది చాలడం లేదన్న కారణంతో రోగిని కట్టేయకూడదని ఆ చట్టంలోనే స్పష్టంగా రాసి ఉంది. పిచ్చాసుపత్రికి లేని వెసులుబాటు వృద్ధాశ్రమానికి ఎక్కడి నుంచి వచ్చింది?

మరో సంగతి వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. మంచం దిగలేని ఆ 11 మంది ఉండేది పై అంతస్తులో. నడవగలిగిన మేం మొదటి అంతస్తులో, బాగా తిరిగేవాళ్లు కింద. ఎందుకంటే "వాళ్లు ఎలాగూ దిగేది లేదు కదా." లిఫ్ట్ లేని అద్దె ఇంట్లో ఓనర్‌కి అది తెలివైన ఏర్పాటే అనిపించింది. మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీలు, దాని పక్కన దాతలు ఇచ్చిన పాత పరుపులు, పైన ప్రతి అంతస్తుకీ తాళం వేసిన గ్రిల్. నిప్పు రవ్వ పడితే పొగ మెట్ల గుండానే పైకి పోతుంది, మెట్ల గుండానే మేం కిందికి రావాలి. తాళాలన్నీ ఆ ఒక్క ఆయమ్మ కొంగుముడిలో. 2023 జనవరి 1న తెల్లవారుజామున ఢిల్లీ గ్రేటర్ కైలాష్‌లో వృద్ధుల సంరక్షణ కేంద్రం ఒకదాంట్లో మంటలు లేచి ఇద్దరు వృద్ధ మహిళలు చనిపోయారు. అది కూడా రాత్రే.

ఫైర్ అనుమతి గురించి ఓనర్‌ని అడిగితే, ఇది మామూలు ఇల్లే, అంత ఎత్తు లేదు, మనకి అక్కర్లేదు అన్నాడు. 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం చూస్తే వృద్ధుల ఆశ్రమం మామూలు ఇల్లు కాదు. ఆసుపత్రులూ అనాథాశ్రమాలూ ఉన్న సంస్థల గ్రూపులోనే దాన్నీ పెట్టారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. సొంతంగా పరిగెత్తలేనివాళ్లు ఉండే చోటు కాబట్టి. ఎత్తు మీటర్లలో కొలిచేవాళ్లు, లోపలున్నవాళ్ల మోకాళ్లు ఎలా ఉన్నాయో కూడా కొలవాలి. ఇంటి కోసం కట్టిన ఇంట్లో ముప్పై నలభై మంచాలు వేసిన రోజునే అది ఇల్లు కాకుండా పోయిందని ఒక్క ఉత్తర్వు ఇవ్వండి. మంచాన పడ్డవాళ్లు కింది అంతస్తులోనే ఉండాలని అందులో ఒక్క ముక్క చేర్చండి.

చట్టాల సంగతి మీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా నాకు అర్థమైనంత చెబుతాను, తప్పుంటే దిద్దండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆస్తి రాయించుకుని గెంటేసిన కొడుకుల మీద ఆర్డీఓ దగ్గరికి వెళ్లే దారి అదే ఇచ్చింది. అందరికీ ఆ ముక్కే తెలుసు. అదే చట్టం 19వ సెక్షన్‌లో జిల్లాకి కనీసం ఒక్క ఆశ్రమం, కనీసం 150 మంది దిక్కులేని వృద్ధుల కోసం ప్రభుత్వం పెట్టవచ్చని ఉంది. ఆశ్రమాల్లో ఏ ప్రమాణాలు ఉండాలో, ఏ సేవలు అందాలో రాష్ట్ర ప్రభుత్వం ఒక పథకంగా రాసుకోవచ్చనీ అదే సెక్షన్‌లో ఉంది. మనం ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడే, 2011లో, ఈ చట్టానికి నియమాలు వచ్చాయి. కానీ డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు ఆశ్రమం రిజిస్టర్ కావడం తప్పనిసరి అనే మాట 2007 చట్టంలో లేదు. 2019 డిసెంబరులో లోక్‌సభలో ఒక సవరణ బిల్లు పెట్టారు. వృద్ధుల సంరక్షణ గృహాలకి రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాలు అందులో ఉన్నాయి. అది పార్లమెంటు స్థాయీ సంఘానికి వెళ్లింది, నివేదిక వచ్చింది, 2024లో సభ రద్దవడంతో మురిగిపోయింది. అదే పిల్లల విషయంలో చూడండి. 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం పిల్లలని ఉంచే ఏ ఆశ్రమమైనా రిజిస్టర్ కావాల్సిందే. ఆరేళ్ల పిల్లవాడు తనని చూసుకునేవాళ్ల మీద ఎంత ఆధారపడతాడో, ఎనభై ఆరేళ్ల మతిమరుపు మనిషీ అంతే ఆధారపడతాడు. ఆ మాటకొస్తే పిల్లవాడు రేపు పెద్దవాడై అన్నీ చెబుతాడు.

మా ఆఫీసు గోడ మీద ఫ్రేం కట్టిన సర్టిఫికెట్ ఒకటి ఉంది. చేర్పించడానికి వచ్చిన పిల్లలకి దాన్నే చూపించి "గవర్నమెంటు రిజిస్ట్రేషన్ ఉందండీ" అంటారు. నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. అది సొసైటీ రిజిస్ట్రేషన్. ఏడుగురు కలిసి సంఘం పెట్టుకుంటే ఇచ్చే కాగితం. భజన మండలికీ అదే ఇస్తారు. ఆ కాగితానికీ, రాత్రి ఎంతమంది ఆయమ్మలు ఉండాలనేదానికీ సంబంధం లేదు. పల్లెవెలుగు బస్సు రోడ్డెక్కాలన్నా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. బ్రేకులు చూస్తారు, టైర్లు చూస్తారు, లైట్లు చూస్తారు. నేనుంటున్న ఈ ఇంటి బ్రేకులు చూసినవాళ్లు లేరు.

2019లోనే కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ రిటైర్మెంట్ హోమ్స్‌కి నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది. ర్యాంపులు, లిఫ్టులు, జారని టైల్స్ అన్నీ ఉన్నాయి అందులో. సంతోషం. కాకపోతే అవి బిల్డర్లు కట్టి అమ్మే ఫ్లాట్లకి. లక్షలు పోసి కొనుక్కునేవాళ్లకి జారని టైల్స్, నెలకింత అని కట్టేవాళ్లకి నాలుగంగుళాల మెట్టు.

ఫిర్యాదు చేయొచ్చు కదా అంటారేమో. ఎల్డర్ లైన్ 14567 ఉంది, మంచి నంబరు. మాలో ఒకాయనకి పెన్షన్ ఆగిపోతే దాని ద్వారానే దారి దొరికింది. కానీ అది పనిచేసేది పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. మా నైట్ డ్యూటీ మొదలయ్యేది రాత్రి ఎనిమిదికి. మీ లైను మూసే నిమిషానే మా గ్రిల్ తాళం చప్పుడు మొదలవుతుంది. పైగా మాలో సొంత ఫోన్ ఉన్నవాళ్లు తక్కువ. ఉన్నవాళ్లలో చెవులు వినపడనివాళ్లు ఎక్కువ. మిగతావాళ్లు మాట్లాడాలంటే ఆఫీసు ఫోనే. ఆఫీసులో నిలబడి ఆఫీసు మీద ఫిర్యాదు చేసేంత ధైర్యం ఎవరికి ఉంటుంది? అందుకని ఆ లైను 24 గంటలు నడపండి. నంబరుని ఆఫీసులో కాదు, బాత్రూం తలుపుల మీద రాయించండి.

పిల్లలు చూసుకోరా అని మీరు అడగవచ్చు. చూసుకునేవాళ్లు ఉన్నారు. మాలో సగం మంది పిల్లలు అమెరికాలో, కెనడాలో, బెంగళూరులో. వీడియో కాల్స్ వచ్చేది పొద్దున. విదేశాల్లో ఉన్నవాళ్లకి అది రాత్రి భోజనాల వేళ. ఎండ పడుతున్న వరండా, నూనె రాసి దువ్విన తల, పక్కన నవ్వుతూ ఆయమ్మ. అంతే కనిపిస్తుంది. మాకు కూడా పొద్దున పూట రాత్రి సంగతి చెప్పాలనిపించదు. అంత దూరంలో ఉన్నవాణ్ని టెన్షన్ పెట్టి ఏం లాభం. లెక్కల సార్ కొడుకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు ఒక మాట చెప్పాడు. అక్కడ నర్సింగ్ హోమ్‌లో ఏ షిఫ్టులో ఎంతమంది నర్సులు, సహాయకులు ఉన్నారో రోజూ అందరికీ కనపడేచోట రాసి పెట్టాలట. ప్రభుత్వ తనిఖీ నివేదిక కూడా ఎవరైనా చదివేలా అందుబాటులో పెట్టాలట. "మా నాన్నని చేర్పించేటప్పుడు ఏసీ ఉందా, గదికి ఎంతమంది అని అడిగాను అంకుల్. రాత్రి ఎంతమంది ఉంటారని అడగాలని తట్టలేదు" అన్నాడు. ఆ పిల్లవాడు చేర్పించేటప్పుడు ఇచ్చే ఫారం మీద సంతకం కూడా పెట్టాడు: జరిగిన ఏ ప్రమాదానికీ ఆశ్రమం బాధ్యత లేదని. అందరూ పెడతారు. ఆ షరతు చెల్లదని మీరు ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు.

ఒక నల్లబల్ల, ఒక సుద్దముక్క. గేటు పక్కన. "ఈ రాత్రి ఉన్నవాళ్లు ఇంతమంది. మెలకువగా ఉండే సిబ్బంది ఇంతమంది, వాళ్ల పేర్లు ఇవి." ఇంతకంటే చవకైన ప్రమాణం ఏ కమిటీ కూడా కనిపెట్టలేదు. బోర్డు మీద ఇద్దరని రాసి లోపల ఒక్కరే ఉంటే, రాత్రి రెండింటికి వచ్చిన మీ ఇన్‌స్పెక్టర్‌కి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. ఎన్ని మంచాలకి ఎంతమంది ఉండాలో మీ దగ్గర డాక్టర్లున్నారు, నర్సులున్నారు, కూర్చుని తేల్చండి. నాకు తెలిసిందల్లా అంతస్తుకి ఒక్కరైనా మెలకువగా ఉండాలని, బెల్ మోగేది ఆ మనిషి చెవిలో కావాలని, 108కి ఫోన్ చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని. పడిన ప్రతిసారీ, పుండు పడిన ప్రతిసారీ, మనిషి పోయిన ప్రతిసారీ 24 గంటల్లో మీకు కబురు రావాలి. ఆసుపత్రికి పంపేసి చేతులు దులుపుకుంటే, ఆ చావు ఆశ్రమం లెక్కలో పడదు. లెక్కల సార్ మా లెక్కలో లేడు. ఆసుపత్రిలో పోయాడు కాబట్టి.

ఇక ఒక్క భయం ఉంది. దాన్ని దాచుకోకుండా చెప్పేస్తాను. 2019 జనవరిలో నగర శివారులోని నాగారంలో ఒక వృద్ధాశ్రమం మీద పోలీసులు దాడి చేసి, కిక్కిరిసిన గదుల నుంచి డెబ్బై మందికి పైగా బయటికి తెచ్చారు. గొలుసులతో కట్టి ఉంచినవాళ్లు కూడా ఉన్నారు వాళ్లలో. టీవీలన్నీ చూపించాయి. చేయాల్సిన పనే. కానీ అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మాలాంటివాళ్లం ఇంకా నోరు మూసుకుంటాం. ఎందుకంటే మాకు తెలిసిన శిక్ష ఒక్కటే, ఆశ్రమానికి తాళం. తాళం వేస్తే ఓనర్ ఇంటికి పోతాడు. మేం ఎక్కడికి పోతాం? నా పీఎఫ్ పెన్షన్, నా కూతురు పంపేది కలిపితే ఈ ఆశ్రమం ఫీజుకి సరిపోతుంది. ఇంతకంటే మంచిదానికి సరిపోదు. ఇది మూతపడితే ఇంతకంటే చెడ్డదానికే వెళ్తాను. కాబట్టి మీరు వచ్చేటప్పుడు తాళం చేత్తో పట్టుకుని రాకండి. బస్సులో చిన్న లోపం దొరికితే బస్సుని సీజ్ చేయం. మెమో ఇస్తాం, ఇన్నాళ్లలో బాగు చేయమంటాం, మళ్లీ చూస్తాం. మాట వినకపోతే అప్పుడు ఫైన్. మరీ ప్రాణం మీదికొచ్చే లోపమైతే వేరే బస్సు తెప్పించి ప్రయాణికులని అందులోకి ఎక్కించాకే పాత బస్సుని షెడ్డుకి పంపుతాం. ప్రయాణికులని నడిరోడ్డు మీద దించేసి వెళ్లిపోం.

రెండో ఆయమ్మ జీతం ఎక్కడి నుంచి తేవాలని ఓనర్ అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. అద్దె పెరిగింది, గ్యాస్ పెరిగింది, మా ఫీజు పెరిగితే మాలో కొంతమంది కట్టలేరు. రెండో ఆయమ్మకి ఒక్కొక్కరి మీద ఎంత పడుతుందో నేను లెక్కేశాను. ఆ డబ్బు నా టీ, పేపరు మానేస్తే మిగులుతుంది. అందరూ నాలా కట్టగలరని అనను. కట్టలేనివాళ్ల వాటా ప్రభుత్వం పెట్టుకోవాలి. పుట్టినరోజు కేకుల మీద దాతలు పెట్టే డబ్బుని రాత్రి డ్యూటీ జీతం మీద పెట్టమని మీరు పిలుపునిచ్చినా చాలు. కేకు మీద పేరు గంటసేపే కనపడుతుంది. "ఈ నెల నైట్ ఆయమ్మ జీతం ఫలానా వారు" అని ఆ నల్లబల్ల మీద రాస్తే నెలంతా కనపడుతుంది.

2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు పది కోట్లకు పైన ఉన్నారు. ఇప్పుడు ఈ ఉత్తరం చదువుతున్న అధికారుల్లో కూడా రిటైర్మెంటుకి దగ్గరపడ్డవాళ్లు ఉంటారు. ఆంధ్రప్రదేశ్ అధికారులు చదివినా సంతోషమే. అక్కడి ఆశ్రమాల్లో నా పాత తోటి ఉద్యోగులు ఇద్దరున్నారు. వాళ్లు ఫోన్‌లో చెప్పేది వింటే అక్కడ రాత్రులు కూడా ఇంత పొడుగ్గానే ఉన్నాయి.

ఈ ఉత్తరానికి జవాబు రాయదలిస్తే దయచేసి పత్రికలోనే రాయండి. ఎవరు రాశారో కనుక్కుని ఆశ్రమం అడ్రసుకి పంపకండి. మాకు వచ్చే కవర్లు ముందు ఆఫీసు రూంలో విప్పుతారు.

ఇట్లు,
ఒక వృద్ధాశ్రమవాసి
రిటైర్డ్ ఆర్టీసీ ఉద్యోగి